ఎవరెవరిని కలిశారు?

2003 మార్చి మొదట్లో మా ఆసుపత్రికి వచ్చిన ఆ జ్వరాలకు పేరు లేదు. ఎక్స్‌రే చూస్తే న్యుమోనియాలాగే ఉండేది. యాంటీబయాటిక్ ఎన్నిసార్లు మార్చినా లొంగేది కాదు. ముందు ఒళ్లునొప్పులు, తర్వాత పొడి దగ్గు, వారం తిరిగేసరికి మంచం మీద అటు నుంచి ఇటు ఒత్తిగిలడానికి కూడా ఆయాసం. అలాంటి రోగులను చూసుకుంటున్న నర్సు ఒకామె సెలవు పెట్టింది. ఆ వెనకే ఇంకొకామె. మరొకరు కూడా జ్వరమని ఫోన్ చేసేసరికి మా వార్డు సిస్టర్ డ్యూటీ చార్టులు ముందేసుకుని కూర్చుంది. కాసేపటికి తలెత్తి, "వీళ్లందరూ ఒకే మంచం దగ్గర పనిచేశారు" అంది.

నేనప్పుడు సింగపూర్‌లో, టాన్ టాక్ సెంగ్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మాది ఏలూరు దగ్గర పల్లెటూరు. జీతం బాగుంటుందని, తమ్ముడి చదువు గట్టెక్కుతుందని అంత దూరం వెళ్లినదాన్ని. క్షయ, టైఫాయిడ్, డెంగీ అన్నీ చూశాను. కానీ రోగిని చూసుకున్నవాళ్లు వరసగా రోగులై అదే వార్డులో మంచమెక్కడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

మొదటి రోగి హాంకాంగ్ వెళ్లొచ్చిన యువతి. అక్కడ ఆమె దిగిన మెట్రోపోల్ హోటల్లోనే, అదే అంతస్తులో, చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి అప్పటికే ఈ జబ్బుతో వచ్చిన ఒక వైద్యుడు ఫిబ్రవరి 21 రాత్రి గడిపాడు. ఆ హోటల్ నుంచి జబ్బు హనోయ్‌కి వెళ్లింది, టొరంటోకి వెళ్లింది, మా దగ్గరికీ వచ్చింది. అదంతా తర్వాత తెలిసిన సంగతి. మార్చి 1న ఆమె చేరినప్పుడు మాకది ఒట్టి న్యుమోనియా. అందుకే మామూలు వార్డులోనే మంచం ఇచ్చారు. విడిగా గదిలో పెట్టింది కొన్ని రోజుల తర్వాతే. ఈలోగా ఆమె దగ్గర కూర్చున్న చుట్టాలకు, స్నేహితులకు, బీపీ చూసిన నర్సులకు, పరీక్షించిన డాక్టర్లకు, ఇరవై మందికి పైగా అంటుకుంది. ఆమె బతికి బయటపడింది. కానీ తనను చూడ్డానికి వచ్చిన సొంతవాళ్లను పోగొట్టుకుంది. ఆ రోజుల్లో ఊరంతా ఆమె పేరే చెప్పుకుని తిట్టుకుంటుంటే నాకు కడుపు తరుక్కుపోయేది. సెలవుల్లో షాపింగుకి వెళ్లి జ్వరంతో తిరిగొచ్చిన ఆడపిల్ల చేసిన నేరం ఏమిటి?

మార్చి 12న ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలన్నిటినీ హెచ్చరించింది. మా దగ్గర తొలి రోగులను చూసిన ఒక డాక్టరు న్యూయార్క్‌లో సభకు వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో ఉండగా ఆయనకు జ్వరమని తెలిసి, మార్చి 15న ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం నుంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లారు. అదే రోజు ఆ సంస్థ ఈ జబ్బుకు సార్స్ అని పేరు పెట్టింది. హనోయ్‌లో ఈ ప్రమాదాన్ని అందరికంటే ముందు పసిగట్టి, లోకాన్ని లేపిన ఇటలీ డాక్టరు కార్లో ఉర్బానీ రెండు వారాల తర్వాత, మార్చి 29న, బ్యాంకాక్‌లో అదే జబ్బుతో పోయారు. ఆ కబురు వచ్చిన రోజు మా డ్యూటీ గదిలో ఎవరూ టీవీ పెట్టలేదు, ఎవరూ మాట్లాడలేదు.

మార్చి 22 నుంచి మా ఆసుపత్రిని పూర్తిగా సార్స్‌కే కేటాయించారు. దేశంలో ఎక్కడ అనుమానం వచ్చినా మా దగ్గరికే పంపాలి. మిగతా రోగులను కొత్తగా చేర్చుకోవడం ఆగిపోయింది. అత్యవసర విభాగం బయట గుడారాలు లేచాయి. రోడ్డుకు అవతల, మౌల్‌మీన్ రోడ్డులో, ఒకప్పటి మిడిల్టన్ అంటురోగాల ఆసుపత్రి ఉండేది. అప్పటికి అది మా ఆసుపత్రిలో భాగమై అంటువ్యాధుల కేంద్రంగా నడుస్తోంది. డాక్టర్ లియో యీ సిన్ దానికి పెద్ద. ఆవిడ నడక వేగంగా, మాట నెమ్మదిగా ఉండేవి. ఏమీ తెలియని జబ్బు ముందు నిలబడి "మనకు తెలిసింది ఇంత, తెలియనిది ఇంత" అని చెప్పగల పెద్దలు ఉంటే కింద పనిచేసేవాళ్లకు గుండె నిబ్బరంగా ఉంటుంది.

ఇక మా బతుకు మాస్కుల్లోకి మారింది. ఎన్-95 మాస్కు గట్టిగా బిగించుకుంటే ముక్కు మీద తోలు లేచిపోయేది. గౌను, చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు. వేసుకోవడం సులువే, విప్పడమే కష్టం. ఏది ముందు విప్పాలి, ఎక్కడ చేతులు కడుక్కోవాలి, మళ్లీ ఏది విప్పాలి అన్నది తోటి నర్సు ఎదురుగా నిలబడి చూస్తుండగా చేసేవాళ్లం. జబ్బు మనకు అంటేది అలిసిపోయి విప్పే ఆ నిమిషంలోనేనని మాకు నేర్పారు. అన్నిటికంటే ప్రమాదమైన పని రోగి గొంతులోకి వెంటిలేటర్ గొట్టం వేయడం. ఆ పనికి ఎవరి వంతు వచ్చినా మిగతావాళ్లం ఎదురుగా ఏమీ అనేవాళ్లం కాదు. ఆ మనిషి గదిలోంచి బయటికి వచ్చేదాకా మాత్రం ఎవరి పనీ సాగేది కాదు.

రోజుకు మూడుసార్లు మా ఒంటి వేడి మేమే చూసుకుని రాయాలి. 37.5 దాటితే డ్యూటీ లేదు, ఇల్లూ లేదు, మంచమే. ఉదయం థర్మామీటర్ నోట్లో పెట్టుకుని అది కూత పెట్టేవరకు తలుచుకున్నన్ని దేవుళ్లను నేను ఏ గుళ్లోనూ తలుచుకోలేదు.

మార్చి నెలాఖర్లో నన్ను వార్డు నుంచి కొన్నాళ్లు పేర్లు రాసే పనికి మార్చారు. తమిళం కాస్త వచ్చు, మలయ్ మాట్లాడగలను, హొక్కియన్‌లో నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. అందుకే కావచ్చు. చేరిన ప్రతి రోగి దగ్గరా కూర్చుని, ఎక్కడెక్కడికి వెళ్లారో, ఎవరెవరిని కలిశారో అడిగి కాగితం మీద పెట్టాలి. రెండు దిక్కులా అడగాలి. జ్వరం రాకముందు పది రోజులు వెనక్కి వెళ్తే ఎవరి నుంచి వచ్చిందో దొరుకుతుంది. జ్వరం వచ్చిన రోజు నుంచి ఇటు వస్తే ఎవరికి వెళ్లి ఉంటుందో దొరుకుతుంది. ఆ కాగితం సాయంత్రంలోగా ఆరోగ్యశాఖకు చేరేది. మర్నాటికల్లా అందులో ఉన్న మనుషుల తలుపులు తట్టేవారు. పది రోజులు ఇల్లు కదలొద్దన్న ఉత్తర్వు చేతికిచ్చి వెళ్లేవారు. ఏప్రిల్ నుంచి ఇంట్లో చిన్న కెమెరా కూడా పెట్టి, ఫోన్ చేసి దాని ముందుకు వచ్చి నిలబడమనేవారు.

ఈ పని డాక్టరీ అంత గొప్పగా కనిపించదు. వెంటిలేటర్ ఫొటో పేపర్లో పడుతుంది, పేర్ల కాగితం పడదు. కానీ ఆ జబ్బుకు మందు లేదు, టీకా లేదు. రైబావిరిన్ వాడి చూశారు, స్టెరాయిడ్లు వాడి చూశారు, గట్టిగా పనిచేసింది ఏదీ లేదు. సింగపూర్‌లో సార్స్‌ను ఆపింది ఆ కాగితమే. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇదే చెబుతాను.

అడగడం ఎంత కష్టమో చెబుతాను. డెబ్బై దాటిన ఒక చైనీస్ పెద్దాయన ఉండేవారు. అక్కడ పెద్దవాళ్లను అంకుల్ అనే పిలుస్తాం, వాళ్లు నర్సును మిస్సీ అంటారు. "అంకుల్, ఈ వారంలో ఎవరింటికైనా వెళ్లారా?" అంటే లేదు. "ఎవరైనా వచ్చారా?" లేదు. భార్య తప్ప ఎవరూ లేరు. నేను కాగితం మడిచాను. రాత్రి గంట మోగింది. వెళ్తే, ఆక్సిజన్ గొట్టం సర్దుకుంటూ, మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడదీసుకుంటూ, "మిస్సీ, మా పాత స్నేహితుడి ఇంట్లో పేకాట ఆడతాం. కొడుక్కి తెలిస్తే కోప్పడతాడు" అన్నారు. నలుగురి పేర్లు చెప్పారు. కొడుక్కి చెప్పనని మాటిచ్చాను. ఆ నలుగురిలో ఒకాయనకు అప్పటికే ఒళ్లు వెచ్చబడిందని తర్వాత తెలిసింది. ఆ రాత్రి ఆయన గంట నొక్కకపోయి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

జనం నిజం దాచేది చెడ్డతనంతో కాదు. నిజం చెబితే ఏదో పోతుందన్న భయంతో. కొడుకు దగ్గర మర్యాద పోతుంది, దుకాణం మూతపడుతుంది, ఉద్యోగం పోతుంది.

ఒకరోజు గుడారం దగ్గర నుంచి పిలుపొచ్చింది. ఎవరో ఇండియా కుర్రాడు, తమిళం రాదంటున్నాడు, వచ్చి చూడమన్నారు. వెళ్తే కరీంనగర్ జిల్లా పిల్లాడు. భవన నిర్మాణంలో కూలి. ఏజెంటుకు డబ్బు కట్టి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఒళ్లు కాలిపోతోంది, కళ్లు ఎర్రబడ్డాయి. నేను తెలుగులో "ఏ ఊరు తమ్ముడూ?" అనగానే ముసుగులోంచి నా ముఖం కనబడకపోయినా నా వైపే చూస్తూ ఏడ్చేశాడు.

కాసేపాగి పేర్లు అడిగాను. నోరు మెదపలేదు. మళ్లీ అడిగాను.

"నేను చెప్తే ఆళ్లందర్ని వాపస్ పంపిస్తరా అక్కా?"

"పంపరు."

"నీకెట్ల ఎరుక? అందరు అప్పుజేసి వచ్చినోళ్లే. నా పక్క మంచపోడు చెల్లె పెండ్లికి పైసలు పంపాలె. నేను పేరు చెప్తి, ఆని నౌకరి పోయె అంటే నేను ఊర్ల మొఖం ఎట్ల చూపియ్యాలె?"

నాకు తెలియని సంగతికి మాట ఇవ్వబుద్ధి కాలేదు. ఉండమని చెప్పి, గౌను విప్పి, చేతులు కడుక్కుని, ఆ పని చూసే అధికారి దగ్గరికి వెళ్లి అదే ప్రశ్న అడిగాను. పేర్లలో ఉన్నందుకు ఎవరినీ దేశం నుంచి పంపెయ్యరని, పది రోజులు విడిగా ఉంచి తిండి పంపుతారని ఆయన చెప్పారు. నన్ను కూర్చోబెట్టి ఓపికగా చెప్పారు. మళ్లీ అన్నీ తొడుక్కుని వచ్చి ఆ మాటే ఈ అబ్బాయికి చెప్పాను. అప్పుడు ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చాడు. ఏ గది, ఎన్ని మంచాలు, పక్కన ఎవరు, వంట ఎవరితో కలిసి, ఆదివారం సెరంగూన్ రోడ్డులో ఎవరితో తిరిగాడు, ఇంటికి ఫోన్ చెయ్యడానికి కార్డు ఎక్కడ కొన్నాడు. కాగితం రెండు పక్కలా నిండింది.

అతనిది సార్స్ కాదు. ప్లేట్‌లెట్లు పడిపోయి, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వచ్చి డెంగీ అని తేలింది. ఆ రోజుల్లో అలా చాలామంది విషయంలో జరిగింది. సార్స్ అనుకున్నది మామూలు ఫ్లూ అయ్యేది, డెంగీ అయ్యేది. గదివాళ్లందరినీ వదిలేశారు. వెళ్లేటప్పుడు "ఉత్తగనే అందర్ని తిప్పలు పెట్టినక్కా" అన్నాడు. "ఉత్తగ కాదు తమ్ముడూ" అన్నాను. నిజంగా సార్స్ అయి ఉండి, ఆ గదిలో అంతమంది పక్క పక్క మంచాల మీద పడుకుని ఉంటే ఏమయ్యేదో నేను కూరగాయల మార్కెట్ విషయంలో చూశాను.

ఆ గొలుసు ఇలా సాగింది. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్న ఒక రోగి వేరే కారణంతో మా ఆసుపత్రిలో ఉండి వెళ్లాడు. తర్వాత పేగుల్లో రక్తస్రావమని సింగపూర్ జనరల్ ఆసుపత్రిలో చేరాడు. మిగతా జబ్బుల వెనక సార్స్ దాక్కుంది, ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన నుంచి అక్కడ నలభై మంది దాకా అంటుకుంది. ఆయన్ని చూడ్డానికి వచ్చిన సోదరుడు పాసిర్ పంజాంగ్ టోకు మార్కెట్లో కూరగాయల వ్యాపారి. ఊరందరికీ కూరలు వెళ్లేది అక్కడి నుంచే. ఆ సోదరుడి నుంచి ఇంట్లోవాళ్లకు, మార్కెట్లో పనివాళ్లకు, చివరికి ఆయన ఎక్కిన టాక్సీ నడిపిన డ్రైవరుకు కూడా వచ్చింది. ఏప్రిల్ 20 నాటికి మార్కెట్ మొత్తం మూసేశారు. రెండు వేలమందికి పైగా ఇళ్లలో ఉండాల్సి వచ్చింది. మేం కూరలు కొనుక్కునే టెక్కా మార్కెట్లో ఆకుకూరలు కనబడలేదు. జనం మొదటిసారి నిజంగా భయపడింది అప్పుడే. ఆసుపత్రి గోడల మధ్య ఉన్నంతకాలం అది నర్సుల జబ్బు, మార్కెట్‌కు వచ్చాక ఊరి జబ్బు.

అప్పటికి తేలిన విచిత్రమైన లెక్క ఒకటి ఉంది. తొలి రెండు వందల పైచిలుకు కేసులు వరసగా పరిశీలిస్తే, నూటికి ఎనభై మంది ఎవరికీ అంటించలేదు. ఐదుగురి నుంచి మాత్రం వందకు పైగా కేసులు పుట్టాయి. మా తొలి రోగి, ఈ అన్నదమ్ములు ఆ ఐదుగురిలోవాళ్లు. ఎవరు ఆ ఐదుగురిలో ఒకరవుతారో ముందుగా చెప్పే పరీక్ష ఏదీ లేదు. కాబట్టి ప్రతి ఒక్కరినీ అదే శ్రద్ధతో అడగాలి, ప్రతి పేరునూ వెతకాలి. పేకాట అంకుల్ నుంచీ, కరీంనగర్ కుర్రాడి నుంచీ రాసుకున్న పేర్లు అందుకే అంత అవసరం.

బయట మా పరిస్థితి చెప్పాలి. యూనిఫారంలో బస్సెక్కితే పక్క సీటువాళ్లు లేచిపోయేవారు. టాక్సీవాళ్లు ఆసుపత్రి పేరు చెబితే ఆగేవారు కాదు. నేను అద్దెకున్న ఫ్లాట్ యజమానురాలు మంచి మనిషే. పండక్కి మిఠాయి పెట్టేది. ఒక సాయంత్రం తలుపు సగమే తీసి, "మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఏమీ అనుకోకు" అంది. నేను ఏమీ అనలేదు. ఆ రాత్రికి రెండు సంచులు సర్దుకుని ఆసుపత్రి క్వార్టర్సుకు వచ్చేశాను. లిఫ్టులో నేనెక్కితే దిగిపోయినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆమె మీద ఉంది. ఇంకా పోలేదు.

ఏప్రిల్ 2న ఉగాది. స్వభాను నామ సంవత్సరం. స్కూళ్లు మూసేశారు, గుళ్లో జనం పల్చబడ్డారు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి క్వార్టర్స్ గుమ్మం దగ్గర స్టీలు గిన్నె ఉంది. పైన కాగితం: "అమ్మాయ్, పచ్చడి. పువ్వు దొరకలేదు, వేపాకు వేశాను." ఎప్పుడో పెరుమాళ్ల గుళ్లో పరిచయమైన ఒక తెలుగావిడ, మా గిన్నె ముట్టుకోవడానికి కూడా జనం భయపడే రోజుల్లో, నాకోసం బస్సెక్కి వచ్చి పెట్టి వెళ్లారు. మాతో పనిచేసే ఫిలిపీన్స్ నర్సుకూ, మలయాళీ నర్సుకూ తలా కాస్త పెట్టాను.

తర్వాత్తర్వాత ఊరు మారింది. బడిపిల్లలు రాసిన ఉత్తరాలు సంచుల్లో వచ్చేవి. మా క్యాంటీన్ గోడ కనబడకుండా అంటించారు. దుకాణాలవాళ్లు అన్నం పొట్లాలు పంపారు. జబ్బుపడిన సిబ్బంది కుటుంబాల కోసం జనం చందాలేసుకుని ఒక నిధి పెట్టారు. అది చట్టం తెచ్చిన మార్పు కాదు. పత్రికల్లో మా వాళ్ల చావులు చదివి, మనసు కలుక్కుమని వచ్చిన మార్పు.

ఇంటికి వారానికోసారి ఫోన్ చేసేదాన్ని. నాన్న పేపర్లో చూసిన అంకెలు చదివి వినిపించేవారు. అమ్మ ఫోన్ లాక్కుని, "ఉజ్జోగం పోతే పోయింది, వచ్చెయ్యవే తల్లీ" అనేది. "ఇప్పుడు విమానమెక్కితే నాతో పాటు ఏం తెస్తానో నాకే తెలీదమ్మా" అన్నాను. అమ్మ ఇంకెప్పుడూ రమ్మనలేదు. ఆ మాట ఆవిడ అర్థం చేసుకున్నందుకు నాకెంత గర్వమో.

మా ఆసుపత్రి యువ డాక్టరు ఒకరు ఏప్రిల్ తొలివారంలో పోయారు. ఇంకా ముప్పై నిండలేదు. ఆ నెలలోనే జనరల్ ఆసుపత్రిలో సర్జన్ ఒకరు. మే 11న మా సీనియర్ నర్సు ఒకావిడ. ఆ రోజు మదర్స్ డే. ఆవిడ కొత్తగా వచ్చిన మాలాంటి పరదేశపు పిల్లలను ఇంటికి పిలిచి భోజనం పెట్టిన మనిషి. శవాన్ని సంచిలో చుట్టి, పెట్టెలో మూసి, వెంటనే అంత్యక్రియలు చెయ్యాలి. ముఖం చూపించరు. నర్సులకు చివరి స్నానం చేయించడం, జుట్టు దువ్వడం మామూలు పని, ఎంతోమందికి చేశాం. ఆవిడకు చెయ్యలేకపోయాం.

ఊరంతా థర్మామీటర్లే అప్పుడు. బడిపిల్లలందరికీ పంచారు, తర్వాత ఇంటింటికీ పంచారు. టాక్సీ డ్రైవర్లు, తిండి దుకాణాలవాళ్లు రోజూ వేడి చూసుకుని, జ్వరం లేదన్న స్టిక్కర్ అంటించుకునేవారు. విమానాశ్రయంలో ఒంటి వేడిని రంగుల్లో చూపించే కెమెరాలు పెట్టారు. ఇళ్లలో కూర్చోబెట్టినవాళ్లలో రెక్కాడితేగాని డొక్కాడనివాళ్లకు ప్రభుత్వం రోజువారీ భత్యం ఇచ్చింది. నా దృష్టిలో కెమెరాల కంటే ఆ భత్యం ఎక్కువ పనిచేసింది. కెమెరా మనిషిని కూర్చోబెడుతుందేమో, నోరు తెరిపించలేదు.

మే 31న సింగపూర్‌ను జబ్బున్న ప్రాంతాల జాబితా నుంచి తీసేశారు. జూలై 5న లోకమంతటా ఆ గొలుసు తెగిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. సింగపూర్‌లో మొత్తం కేసులు 238, చావులు 33. జబ్బుపడినవాళ్లలో నూటికి నలభై మంది ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లే. ప్రపంచంలో ఎనిమిది వేల పైచిలుకు కేసులు, 774 చావులు.

2020లో నేను ఏలూరులో ఉన్నాను. ఉద్యోగం మానేసి వచ్చి చాలా ఏళ్లయింది. కొత్త వైరస్ పేరు విని, ఇరుగుపొరుగువాళ్లు "మీరు సార్స్ చూశారు కదండీ, ఇదీ అలాగే పోతుందా?" అని అడిగేవారు. నేను పోదనే చెప్పాను. సార్స్ రోగి ఎక్కువగా అంటించేది జబ్బు ముదిరిన రెండో వారంలో. అప్పటికి అతను నడవలేడు, ఆసుపత్రిలో ఉంటాడు. జ్వరం చూసి పట్టుకుని విడిగా పెడితే గొలుసు తెగుతుంది. కోవిడ్ రోగి జ్వరం రాకముందే, దగ్గు రాకముందే, బజారులో నవ్వుతూ తిరుగుతూనే అంటించగలడు. మా థర్మామీటర్లకు అది దొరకదు. దుకాణాల గుమ్మాల దగ్గర నుదుటికి పెట్టిన ఆ తుపాకీ థర్మామీటర్లను చూసినప్పుడల్లా నాకు దిగులు వేసేది. సింగపూర్ గెలుపులో మా కష్టం ఎంతుందో, ఆ వైరస్ స్వభావం చేసిన మేలూ అంతే ఉంది. దాన్ని మరిచిపోతే రెండు జబ్బులనూ తప్పుగా అర్థం చేసుకుంటాం.

కానీ ఒక్క విషయంలో తేడా లేదు. 2020 వేసవిలో మా వీధికి ఆశా కార్యకర్త ఒకమ్మాయి కాగితం పట్టుకుని వచ్చేది. ఎండలో, గుడ్డ మాస్కుతో. "ఎవరైనా ఊరి నుంచి వచ్చారా అండీ, జ్వరం ఏమైనా ఉందా అండీ" అని అడిగేది. చాలామంది తలుపు తియ్యకుండానే లేదనేవారు. పాజిటివ్ అని తేలిన ఇంటికి అడ్డంగా కర్రలు కడుతుంటే చూసినవాళ్లు నిజం ఎందుకు చెబుతారు? ఆసుపత్రిలో పనిచేసే నర్సులను ఇల్లు ఖాళీ చెయ్యమన్న వార్తలు హైదరాబాద్ నుంచీ వచ్చాయి, మా పక్క ఊళ్ల నుంచీ వచ్చాయి. పదిహేడేళ్ల తర్వాత, సముద్రం ఇవతల, సగమే తెరుచుకున్న అదే తలుపు.

ఆ అమ్మాయిని మా అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, ఆమెతో కలిసి మా వీధిలో నాకు తెలిసిన ఇల్లిల్లూ తిరిగాను. "దాచకండి, కర్రలు కట్టకుండా నేను చూసుకుంటా" అని చెప్పి, వార్డు వాలంటీరుతో మాట్లాడి అలాగే చూశాను. ఆ తర్వాత మా వీధిలో జ్వరాలు బయటికి చెప్పడం మొదలైంది.

మళ్లీ ఏదో ఒక రోజు పేరు లేని జ్వరం వస్తుంది. మీ గుమ్మంలోకి ఎవరో ఒక అమ్మాయి కాగితం పట్టుకుని వస్తుంది. ఆమెను లోపలికి పిలవకపోయినా ఫర్వాలేదు, మంచినీళ్లు ఇవ్వండి, అడిగినదానికి ఒక్క పేరు కూడా దాచకుండా చెప్పండి. మీ ఇంట్లో నర్సు అద్దెకుంటే ఆ నెల అద్దె గురించి అడగకండి, ఇల్లు ఖాళీ చెయ్యమని అసలే అనకండి. పంచాయతీలోనో, మునిసిపాలిటీలోనో, ప్రభుత్వంలోనో మీ మాట చెల్లితే, ఇంట్లో కూర్చోమన్న కూలివాడికి కర్రలు కట్టేముందు కూలి డబ్బులు పంపండి.